చెన్నై మిషన్ ఆస్పత్రిలో నడిచే క్రైస్తవ మెడికల్ సస్పెన్స్ నవల: ఇన్సులిన్ హత్య నిలబడుతుందా?

పెరంబూరు_పెన్ను (ప్రశ్న)

అందరికీ నమస్తే. 24 భాగాల ఆన్‌లైన్ సీరియల్ ఒకటి రాస్తున్నాను. 9 భాగాలయ్యాయి. ముందుకెళ్లే ముందు విషయం తెలిసినవాళ్లు తప్పులు పడితే బాగుంటుందని ఇక్కడ పెడుతున్నా.

వేపేరిలో నూరేళ్లు దాటిన మిషన్ ఆస్పత్రి, పేరు కల్పితం. 71 ఏళ్ల రిటైర్డ్ తెలుగు హెడ్మాస్టరు అక్కడి ట్రస్టు సభ్యుడు. ఆస్పత్రి స్థలాన్ని బిల్డరుకి రాసిచ్చే కాగితం మీద సంతకం పెట్టనని భీష్మించుకున్నాడు. తుంటి ఎముక విరిగి అదే ఆస్పత్రిలో ఆపరేషన్ అయింది. మూడో రోజు తెల్లవారుజామున 3 గంటలు దాటాక పోయాడు. ఆయనకి షుగర్ లేదు. బీపీకి మెటోప్రొలాల్ వేసుకుంటాడు. ఆ రాత్రి డ్యూటీ డాక్టర్ షారోను. అనుమానం ఆమె మీదికే వస్తుంది. ల్యాబ్‌లో బయోకెమిస్టు డేవిడ్ నిజం తవ్వుతాడు. ఇద్దరి మధ్య ప్రేమ.

నా సందేహాలు: ఇన్సులిన్‌తో చంపితే ఎలా బయటపడుతుంది? చెన్నైలో పోలీసు, పోస్టుమార్టం వరస ఏమిటి? ప్రార్థన కథలో ఉండాలి కానీ మిస్టరీని ప్రార్థనే విప్పేసినట్టు ఉండకూడదు, అదెలా? ఇక సంఘం కళ్ల ముందు ఈ ఇద్దరి ప్రేమ ఎంతవరకు వెళ్లొచ్చు?

సీరం_సీసా

"షుగర్ లేదు" అన్నారు చూడండి, నవల మొత్తం ఆ రెండు మాటల మీద నిలబడుతుంది. దయచేసి మార్చకండి. ఆయన రోజూ ఇన్సులిన్ వేసుకునే మనిషైతే రక్తంలో ఇన్సులిన్ దొరకడం వింతేమీ కాదు. డోసు పొరపాటో హత్యో ఏ ల్యాబూ తేల్చలేదు.

మన క్లోమం ప్రోఇన్సులిన్ అనే ఒకే గొలుసు తయారుచేసి, దాన్ని తెంపి ఇన్సులిన్, సీ-పెప్టైడ్ రెండిటినీ సమానంగా రక్తంలోకి వదులుతుంది. సీసాలో అమ్మే ఇన్సులిన్‌లో సీ-పెప్టైడ్ ఉండదు. కాబట్టి షుగర్ 55 కంటే కింద ఉన్నప్పుడు తీసిన రక్తంలో ఇన్సులిన్ ఎక్కువగా ఉండి, సీ-పెప్టైడ్ మిల్లీలీటరుకి 0.6 నానోగ్రాముల కంటే తక్కువ వచ్చిందంటే ఆ ఇన్సులిన్ బయటినుంచి ఎక్కినదే. రెండూ ఎక్కువ వస్తే గ్లిమెపిరైడ్ లాంటి మాత్ర మింగి ఉండాలి, లేదా క్లోమంలో ఇన్సులినోమా గడ్డ ఉండాలి. ఆ రెంటినీ విడదీయడానికి మాత్రల స్క్రీనింగ్ వేరే చేయాలి. పాఠకుడిని రెండు భాగాల పాటు పక్కదారి పట్టించడానికి ఇది చాలు. పక్క బెడ్ మాత్రలు పొరపాటున ఈయన కప్పులో పడ్డాయేమో అని అందరూ అనుకుంటారు, సీ-పెప్టైడ్ రిపోర్టు వచ్చి ఆ మాట కొట్టేస్తుంది.

అసలు చిక్కు రక్తం ఎప్పుడు తీశారన్నది. చనిపోయాక కూడా కణాలు చక్కెరని తింటూనే ఉంటాయి, అందుకని శవం రక్తంలో షుగర్ తక్కువ ఉందంటే అర్థం ఏమీ లేదు. కంటిలోని ద్రవం తీసి చూస్తారు గానీ, అందులో ఎక్కువ వస్తే బతికుండగా షుగర్ ఎక్కువని చెప్పొచ్చు, తక్కువ వస్తే గట్టిగా ఏమీ చెప్పలేం. కాబట్టి మనిషి ప్రాణంతో ఉండగా తీసిన రక్తం మీ కథకి కావాలి.

దాన్ని ఇలా పుట్టించండి. రాత్రి 2:10కి ముసలాయన తికమకగా మాట్లాడుతున్నాడని షారోను సోడియం, పొటాషియం కోసం రక్తం పంపుతుంది. ఆపరేషన్ తర్వాత పెద్దవాళ్లలో సోడియం పడిపోవడం మామూలే, ఎవరికీ అనుమానం రాదు. ల్యాబ్‌లో సెంట్రిఫ్యూజ్ తిప్పి సీరం, అంటే కణాలు లేని ద్రవం, వేరు చేస్తారు. పరీక్ష అయ్యాక మిగిలింది పారేయరు, చాలా ల్యాబుల్లో కొన్ని రోజులు ఫ్రిజ్‌లో రాక్‌లో ఉంచుతారు. డేవిడ్‌కి దొరికేది ఆ అర మిల్లీలీటరు. మూతకి టేపు, టేపు మీద బాల్ పెన్నుతో బెడ్ నంబరు, చల్లదనానికి సగం చెదిరిన సిరా.

ఇక్కడ ప్రతివాది లాయరుకి ఒక ఆయుధం ఇవ్వండి. వేరు చేయని రక్తాన్ని గది వేడిలో వదిలేస్తే ఎర్ర కణాలు గంటకి 5 నుంచి 7 శాతం చక్కెర తినేస్తాయి. అందుకే షుగర్ పరీక్షకి ఫ్లోరైడ్ ఉన్న బూడిదరంగు మూత ట్యూబు. ఈ రక్తం తీసింది అందులో కాదు. "ఆలస్యం వల్లే తగ్గింది" అంటాడు లాయరు. ఆలస్యం చక్కెరని తగ్గిస్తుంది గానీ బయటి ఇన్సులిన్‌ని పుట్టించదు కదా, డేవిడ్ జవాబు అదే. ఇంకో జాగ్రత్త: రక్తం హీమోలైజ్ అయితే, అంటే ఎర్ర కణాలు పగిలిపోతే, ఇన్సులిన్ విరిగిపోయి తప్పుగా తక్కువ చూపిస్తుంది. సీరం గులాబీరంగులో ఉందని రాయకండి, లేత పసుపు అనండి.

12వ భాగానికి ఒక మలుపు: మొదటి రిపోర్టులో సీ-పెప్టైడ్ తక్కువ, షుగర్ తక్కువ, ఇన్సులిన్ కూడా దాదాపు సున్నా. డేవిడ్ తల పట్టుకుంటాడు. కారణం ఏమిటంటే కొన్ని ఇమ్యునోఅస్సే కిట్లు మనిషి ఇన్సులిన్‌నే గుర్తుపడతాయి, లిస్‌ప్రో, గ్లార్జిన్ లాంటి మార్చిన రకాలు వాటికి కనబడవు. మాస్ స్పెక్ట్రోమెట్రీ ఉన్నచోటికి పంపితే ఏ రకమో పేరుతో సహా దొరుకుతుంది. రకం తెలిస్తే ఆ రకం ఏ వార్డు ఫ్రిజ్‌లో ఉంటుందన్నది తర్వాతి భాగం.

ఎన్ని యూనిట్లు అన్నది మాత్రం నవల్లో అంకె వేయకండి. కథకి అవసరం లేదు.

నైట్_సిస్టర్

సీరం_సీసా గారు ల్యాబ్ వైపు చెప్పారు. వార్డులో మీ కథ ఒకచోట కూలిపోతుంది. తికమకగా మాట్లాడే పేషెంటు ఎవరైనా సరే, షుగర్ ఉన్నా లేకపోయినా, ముందు వేలు గుచ్చి షుగర్ చూస్తారు. ఇది చదువుతున్న ప్రతి నర్సూ "సీబీజీ చూడకుండా సోడియం పంపిందా?" అని మీ షారోనుని అక్కడే వదిలేస్తుంది. మాట వచ్చింది కనుక, ఆంధ్రాలో జీఆర్‌బీఎస్ అనేదాన్ని చెన్నై వార్డుల్లో సీబీజీ అంటారు. మీ సిస్టర్లు చెన్నైలో చదివినవాళ్లైతే సీబీజీ అనే అనిపించండి.

దారి ఒకటుంది. చార్టులో రాత్రి 2 గంటలకి 112 అని రాసి ఉంటుంది, సిస్టర్ సంతకంతో. షారోను దాన్ని నమ్మింది. ఆ 112 నిజమా, గుచ్చకుండానే రాసిన కాగితం షుగరా? గ్లూకోమీటరు మెమరీలో ప్రతి రీడింగూ టైముతో సహా ఉంటుంది. మీటరు నొక్కి వెనక్కి వెళ్తే 10:40కి ఒకటి, తర్వాత 3:05కి "లో" అని. మధ్యలో ఏమీ లేదు. చాలా మీటర్లు 20 కంటే కిందికి పడితే అంకె చూపించవు, "లో" అని రెండక్షరాలు చూపిస్తాయి. చాప్టరు చివర ఆ రెండక్షరాలు చాలు.

మెటోప్రొలాల్ బదులు ప్రొప్రనలాల్ పెట్టండి, బీపీకి కాకుండా చేతి వణుకుకి. హెడ్మాస్టరు కదా, సుద్దముక్క పట్టే చెయ్యి వణికితే డాక్టరు అదే రాస్తాడు. షుగర్ పడిపోతే వచ్చే వణుకునీ గుండెదడనీ ఆ మాత్ర దాచేస్తుంది. మెటోప్రొలాల్ కూడా కొంత దాస్తుంది గానీ ఇది గట్టిగా దాస్తుంది. చెమటని మాత్రం దాచలేదు. అంటే ఆయన వణకడు, గుండె దడదడ అనదు, దిండు మాత్రం పిండితే నీళ్లు కారేలా తడిసి ఉంటుంది. నొప్పికి ట్రమడాల్ నడుస్తోంది, దానికీ చెమట పడుతుంది. సిస్టర్ దిండు తిప్పేసి వెళ్లిపోతుంది. ఆమె దుర్మార్గురాలు కానక్కర్లేదు. ట్రమడాల్‌కి షుగర్ తగ్గడం కూడా అరుదుగా ఉంది, లాయరుకి అదీ పనికొస్తుంది.

పక్క బెడ్ సంగతి. మన దగ్గర సీసా ఇన్సులిన్ ఎక్కువగా మిల్లీలీటరుకి 40 యూనిట్లది, దాని సిరంజికి ఎర్ర మూత. పెన్ను కార్ట్రిడ్జి 100 యూనిట్లది, 100 సిరంజికి నారింజ మూత. 100ది ఎర్ర మూత సిరంజితో లాగితే గీత ఎక్కడ చూసినా రెండున్నర రెట్లు వెళ్తుంది. ఇది రోజూ హెచ్చరించే తప్పు, అందుకే ఇన్సులిన్ వేసే ముందు ఇద్దరు సిస్టర్లు చూసి సంతకం పెట్టాలంటారు. రాత్రి ఒక్కతే ఉంటే ఆ రెండో సంతకం తెల్లారి పడుతుంది. మీ కథలో ఆ రెండో సంతకం సిరా రంగు వేరుగా ఉండనివ్వండి.

వేరే పేషెంటు ఇన్సులిన్ పొరపాటున ఈయనకి వెళ్లిందనే వాదన వస్తే, దాన్ని కొట్టేసే సాక్ష్యం పక్క బెడ్‌లోనే ఉంది. పక్క బెడ్ ఆయన డోసు తప్పిపోయి ఉంటే తెల్లారి ఆయన షుగర్ బాగా పెరిగి ఉండాలి. 138 ఉంది. అంటే ఆయనది ఆయనకే పడింది.

మహజరు

పోలీసు, కోర్టు వైపు. ఘటన 2024 జులై 1 తర్వాతదైతే ఐపీసీ 302, సీఆర్‌పీసీ 174 అని రాయకండి. అనుమానాస్పద మరణం విచారణ ఇప్పుడు బీఎన్‌ఎస్‌ఎస్ (సీఆర్‌పీసీ బదులు వచ్చిన చట్టం) 194, హత్య బీఎన్‌ఎస్ (ఐపీసీ బదులు వచ్చింది) 103, నిర్లక్ష్యం వల్ల మరణం 106(1). ఈ చివరిది మీ కథకి బంగారం. మామూలు మనిషికి 5 ఏళ్ల దాకా శిక్ష, చికిత్స చేస్తున్న రిజిస్టర్డ్ డాక్టరుకి 2 ఏళ్ల దాకా. నర్సుకి ఆ తగ్గింపు లేదు. షారోనుకి రెండు, సిస్టర్‌కి ఐదు. ఒకే రాత్రి, ఒకే బెడ్. సిస్టర్ ఎందుకు నోరు విప్పదో ఇంతకన్నా కారణం అక్కర్లేదు.

డాక్టరుని వెంటనే బేడీలేసి లాక్కెళ్లే సీను కూడా వద్దు. 2005లో జాకబ్ మాథ్యూ కేసులో సుప్రీంకోర్టు డాక్టరు మీద క్రిమినల్ కేసుకి తీవ్ర నిర్లక్ష్యం ఉండాలనీ, ముందు పోలీసులు వేరే డాక్టరు అభిప్రాయం తీసుకోవాలనీ చెప్పింది. ఆ అభిప్రాయం ఇచ్చే ప్రభుత్వ డాక్టరుని ఒక పాత్ర చేయొచ్చు.

పోస్టుమార్టం మిషన్ ఆస్పత్రిలో జరగదు. వేపేరి నుంచి శవం కీల్పాక్ మెడికల్ కాలేజీకో, సెంట్రల్ ఎదురుగా ఉన్న రాజీవ్ గాంధీ జనరల్ ఆస్పత్రికో వెళ్తుంది. రాత్రిపూట పోస్టుమార్టానికి 2021 నవంబరులో కేంద్రం అనుమతించింది గానీ, హత్య అనుమానం ఉంటే శాంతిభద్రతల అవసరం వస్తే తప్ప రాత్రి చేయరు. విసెరా, అంటే పరీక్షకి తీసిన లోపలి అవయవాల ముక్కలు, మైలాపూరులోని ఫోరెన్సిక్ సైన్సెస్ డిపార్ట్‌మెంటుకి వెళ్తుంది. తమిళనాడు ఆస్పత్రుల్లో ఎంఎల్‌సీ (మెడికో లీగల్ కేసు) కన్నా "ఏఆర్ కాపీ" అనే మాట ఎక్కువ వినిపిస్తుంది, అంటే యాక్సిడెంట్ రిజిస్టరు నకలు. మీ ఎస్‌ఐ అదే అడగాలి.

అయితే మీ కథలో మొదట ఎవరూ అనుమానించరు కదా. అప్పుడు ఆస్పత్రి ఫారం 4, అంటే మరణ కారణ ధ్రువపత్రం, రాసి ఇచ్చేస్తుంది. మరణ కారణం గడిలో "కార్డియో రెస్పిరేటరీ అరెస్ట్". అది కారణం కాదు, ప్రాణం పోయిన తీరు మాత్రమే. పోయిన ప్రతి మనిషికీ గుండే ఊపిరీ ఆగుతాయి. ఆ గడి చూసి డేవిడ్‌కి చిరాకు పుట్టడం నుంచి కథ కదలొచ్చు. కుటుంబం రాతపూర్వకంగా అడిగితే 72 గంటల్లో కేస్ షీటు నకలు ఇవ్వాలని 2002 మెడికల్ కౌన్సిల్ నియమం. ఆ 72 గంటల్లో ఎవరు ఏ పేజీ మారుస్తారు? సస్పెన్సుకి ఇంతకన్నా మంచి గడియారం ఏది?

క్రైస్తవులు పూడ్చిపెడతారు కాబట్టి మెజిస్ట్రేటు ఉత్తర్వుతో సమాధి తవ్వించవచ్చు. తవ్వినా ఇన్సులిన్ దొరికే ఆశ చాలా తక్కువ. బంధువులు విదేశాల నుంచి రావాలని ఎంబామింగ్ చేయిస్తే ఫార్మలిన్ పరీక్షలన్నిటినీ గందరగోళం చేస్తుంది. ఆ ఎంబామింగ్‌కి తొందరపెట్టింది ఎవరు? ఇన్సులిన్ హత్యలో మొట్టమొదటి శిక్షగా చెప్పే 1957 నాటి ఇంగ్లండు కేసులో కెన్నెత్ బార్లో అనే మగ నర్సు పట్టుబడింది శవం తాజాగా ఉండగా సూది గుర్తులు కనబడటం వల్ల. ఆ చోటి కండరం నుంచి తీసిన రసాన్ని ఎలుకలకి ఎక్కించి చూశారు. అప్పటికి సీ-పెప్టైడ్ పరీక్ష లేదు.

డేవిడ్ ఆ సీరం ట్యూబుని జేబులో వేసుకుని ఇంటికి తీసుకెళ్లాడా, కేసు పోయినట్టే. సీలు వేసి, ఇద్దరు సాక్షులతో మహజరు (జప్తు పత్రం) రాసి తీసుకోవాలి. ఇప్పుడు బీఎన్‌ఎస్‌ఎస్ 105 ప్రకారం జప్తుని వీడియో కూడా తీయాలి.

వందనాలు_అయ్యగారు

మిగతా మూడో వంతు నాకు వదిలేసినట్టున్నారు.

ముందు ఆస్పత్రి ఏ మిషనుదో తేల్చుకోండి, సగం సమస్యలు అక్కడే తీరతాయి. కేథలిక్ అయితే ఫాదరు, పాపసంకీర్తనం (ఫాదరు దగ్గర పాపాలు ఒప్పుకోవడం), రోగుల అభ్యంగనం ఉంటాయి. హంతకుడు పాపసంకీర్తనంలో చెప్పిన మాట ఫాదరు ఏ పరిస్థితిలోనూ బయటపెట్టకూడదు. మన సాక్ష్య చట్టం మాత్రం భార్యాభర్తలకీ లాయరుకీ రక్షణ ఇచ్చింది గానీ ఫాదరుకి ప్రత్యేకంగా ఇవ్వలేదు. ఆ ఘర్షణ ఇప్పటికి చాలాసార్లు వాడేశారు, నా ఓటు దానికి లేదు. సీఎస్‌ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) ఆస్పత్రి అయితే చాప్లిన్, అంటే ఆస్పత్రి పాదిరి, ఉంటాడు, ఆ నోటి ముద్ర ఉండదు, అందువల్ల ఆయన నిజంగానే నలిగిపోతాడు. నాకు ఇదే బాగుంటుందనిపిస్తుంది.

తమిళ సీఎస్‌ఐ వాళ్లు పాదిరిని "ఆయర్" అంటారు. తెలుగు పాఠకుడు అయ్యర్ అని చదివి బ్రాహ్మణుడనుకుంటాడు, ఒకసారి సరదాగా వివరించేయండి. తమిళులు "స్తోత్రం" అంటే మనవాళ్లు "వందనాలు" అంటారు. వార్డులో ఎవరు ఏ మాటతో పలకరించారన్నది కూడా క్లూ కావచ్చు.

ప్రార్థన గురించి. ప్రార్థన చేయగానే ఫోను మోగి సాక్ష్యం దొరికితే విశ్వాసులు కూడా పుస్తకం మూసేస్తారు. ప్రార్థన పాత్రకి ధైర్యమో, ఒప్పుకోలో, నిద్రపట్టని రాత్రో ఇవ్వాలి. ఆధారం మాత్రం ఫ్రిజ్‌లోనుంచే రావాలి. భాషలో తేడా చూపించండి. హెడ్మాస్టరు ప్రార్థన పాత బైబిలు తెలుగులో ఉంటుంది: "కృపగల తండ్రీ, ఈ రాత్రి జామున నీ సన్నిధిని వేడుకొనుచున్నాము." షారోను చెన్నైలో పుట్టిన పిల్ల, "ప్రభువా, నా వల్ల కావట్లేదు" అనేసి ఆగిపోతుంది. 23వ కీర్తన ఆస్పత్రి కథల్లో అరిగిపోయింది. గోడ మీద మంచి సమరయుడి బొమ్మ కూడా వద్దు. యాకోబు పత్రిక 5వ అధ్యాయంలో రోగికి నూనె రాసి ప్రార్థించమని ఉంది కదా, చాప్లిన్ సాయంత్రం రాసిన నూనె జిడ్డు ముసలాయన నుదుటి మీద తెల్లారి చెమటతో కలిసి కనిపిస్తే, అది ప్రార్థనా అవుతుంది, వైద్య లక్షణమూ అవుతుంది.

కాలం శ్రమదినాల్లో, అంటే ఈస్టర్‌కి ముందు వచ్చే ఉపవాస దినాల్లో, పెట్టండి. 2026లో భస్మ బుధవారం ఫిబ్రవరి 18, గుడ్ ఫ్రైడే ఏప్రిల్ 3, ఈస్టర్ ఏప్రిల్ 5. ఒక హెచ్చరిక: ఈస్టర్ పౌర్ణమి తర్వాత వచ్చే ఆదివారం, కాబట్టి గుడ్ ఫ్రైడే రాత్రి అమావాస్య చీకటి అని రాయకూడదు. నిండు వెన్నెల ఉంటుంది. వరండాలో దాక్కునేవాడి నీడ కూడా పడుతుంది.

ప్రేమ. నైట్ డ్యూటీలో ఇద్దరూ ఒకే మెషిన్ కాఫీ పంచుకోవడం దాకా ఎవరూ ఏమీ అనరు. సంఘానికి తెలిసేది పెండ్లి ప్రకటన రోజున. చాలా సంఘాల్లో వరుసగా మూడు ఆదివారాలు ప్రకటన చదువుతారు, అభ్యంతరం ఉంటే చెప్పమని అడుగుతారు. మూడో ఆదివారం వెనక బెంచీలోంచి ఒక మనిషి లేచి నిలబడితే ఏమవుతుందో ఆలోచించండి. శ్రమదినాల్లో పెళ్లిళ్లు సాధారణంగా చేయరు కాబట్టి ప్రకటనలు ఈస్టర్ తర్వాత మొదలుపెట్టండి. అభ్యంతరం నిర్దోషి అయిన షారోను మీద కేసు గురించి కావచ్చు, పైకి చెప్పని కులం గురించీ కావచ్చు. రెండోది రాసే ధైర్యం ఉంటే రాయండి. చాలామంది రాయరు.

పెరంబూరు_పెన్ను

అందరికీ ధన్యవాదాలు, ప్రొప్రనలాల్, 72 గంటలు రెండూ తీసుకుంటున్నా. ఒక సందేహం. సిస్టర్ అబద్ధాలాడే మనిషి కాదని నాకు ఉంది. ఆ 112 నిజంగానే గుచ్చి చూసిన రీడింగ్ అయి, అయినా తప్పు అయ్యే మార్గం ఉందా? సాయంత్రం చాప్లిన్ గారు ఇచ్చిన ప్రభువు బల్ల ద్రాక్షరసం వేలికి అంటుకుని ఉంటే?

నైట్_సిస్టర్

వేలి మీద చక్కెర ఉంటే రీడింగ్ తప్పుగా ఎక్కువ వస్తుంది, అది నిజమే. పండు తిన్న చెయ్యి కడగకుండా గుచ్చితే మామూలుగానే జరుగుతుంది, పైపైన స్పిరిట్ దూది రాస్తే పూర్తిగా పోదు కూడా. కానీ ప్రభువు బల్ల చిన్న కప్పు నోటికే పోతుంది, వేళ్ల మీద పడదు. మనవరాలు తెచ్చిన ద్రాక్షపళ్లు పెట్టండి, తుంటి విరిగి లేవలేడు కాబట్టి చేతులు కడుక్కోలేదు. అప్పుడు మెమరీలో 2 గంటలకి 112 ఉండాలి మరి, నేను ముందు చెప్పిన ఖాళీ ఉండదు. రెండూ ఒకే నవల్లో పెట్టలేరు, ఒకటి ఎంచుకోండి.

మహజరు

రెండూ పెట్టొచ్చు సిస్టర్‌గారూ. బ్యాటరీ మార్చినప్పుడు కొన్ని మీటర్ల గడియారం తిరిగి పెట్టుకోవాలి, ఎవరూ పెట్టరు. మీటరు 3 గంటల 20 నిమిషాలు వెనక నడుస్తోందనుకోండి. మెమరీలో 10:40 అని ఉన్నది అసలు రాత్రి 2 గంటలు, ఆ రీడింగే 112. అప్పుడు చివరి "లో" మెమరీలో 3:05 అని కాకుండా 11:45 అని కనబడాలి. సిస్టర్ అబద్ధం ఆడలేదు, వేలి మీద ద్రాక్ష ఉంది, మీటరు గడియారం తప్పు. జప్తు చేసే రోజున ఎస్‌ఐ మీటరులో కనబడే టైమూ తన ఫోను టైమూ పక్కపక్కన మహజరులో రాయించి ఉంటేనే ఇది కోర్టులో తేలుతుంది. రాయించాడో లేదో 20వ భాగం దాకా చెప్పకండి.